విలన్ తరఫు మనిషి

చాచా పోయాడన్న కబురు మా బావే తెచ్చాడు. ఫోను చేసి ఉంటే మా బడి పక్కన ఎస్టీడీ బూతు అతను వచ్చి నన్ను పిలిచేవాడు. బావ అలా చేయలేదు. పొద్దున్నే రామగుండంలో రైలెక్కి బెల్లంపల్లిలో దిగి, పిల్లలతో బొమ్మలు వేయిస్తున్న నన్ను కిటికీలోంచి చెయ్యూపి పిలిచాడు. బయటికి వెళ్తే, "చాచా పోయిండు. పొద్దుగాల నమాజు కాంగనే పానం వోయిందట. సాయంత్రం మట్టి. నడువు" అన్నాడు. మా అక్క మొగుడు మాటల్లో మహా పొదుపరి. ఆ నాలుగు ముక్కలు నోటితోనే చెప్పాలని అంత దూరం ఎందుకు వచ్చాడో నాకు తెలుసు. మీకు తెలియాలంటే మాత్రం చాచా ఎవరో, ఆయనకూ మా ఇంటికీ ఏమిటో చెప్పాలి.

గోదావరిఖనిలో మా ఈడు వాళ్ళకు చాచా అంటే ఒక్కరే, టాకీసులో బొమ్మ వేసే ఆపరేటరు. పిల్లలకీ పెద్దలకీ, టికెట్లు చింపే ముసలాయనకీ కూడా ఆయన చాచాయే. పొట్టి మనిషి. ఎండాకాలమైనా చలికాలమైనా చొక్కా మీద చొక్కా తొడిగేవాడు. మషీను గది వేడికి పై చొక్కా విప్పేస్తే రోడ్డు మీదికి వచ్చేటప్పుడు లోపలి చొక్కా మర్యాదగా ఉంటుందని ఆయన లెక్క. వక్కపొడి నములుతూ, ఇంట్లో దక్కనీ ఉర్దూ, బజారులో తెలుగు, కోపం వస్తే రెండూ కలిపి మాట్లాడేవాడు.

నేను ఎనభైల్లో కమాన్‌పూర్ దగ్గరి మా ఊరి నుంచి వచ్చి అక్కావాళ్ళ కంపెనీ క్వార్టర్లో మకాం పెట్టాను. బావ బాయిలో ఫిల్లరు. బాయి అంటే మా వైపు బొగ్గు గని, ఫిల్లరంటే రాలిన బొగ్గును టబ్బుల్లోకి ఎత్తే మనిషి. నాకు చేతనైన పని రంగులు వేయడం. దుకాణాల బోర్డులు రాసి తిండి సంపాదించేవాణ్ణి, సినిమా బ్యానర్లు వేసి పేరు సంపాదించేవాణ్ణి. బ్యానర్లు మా హీరోవి. ఆ హీరో ఎవరో చెప్పను. చెబితే ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎవరో ఒకరు చొక్కా చేతులు పైకి మడుస్తారు.

మాదొక అభిమాన సంఘం. ప్రెసిడెంటు మా బావ గ్యాంగులోనే ఫిల్లరు. సంఘానికి ప్రెసిడెంటు కావడంతో బాయిలో కూడా అందరూ ఆయన్ను ప్రెసిడెంటనే పిలిచేవాళ్ళు, పిలిస్తే పలికేవాడు కూడా. బాయిలకు సెలవు కాబట్టి ఆదివారం పొద్దున టాకీసు ఎదుటి హోటల్లో మా సభ జరిగేది. మా హీరో గురించి మాట్లాడుకోవడానికి ఏముంటుంది? అందరం పొగిడేవాళ్ళమే. అందుకని మా సభ ఎప్పుడూ విలన్ మీద పడేది. ఊళ్ళో పంచాయితీ పెట్టినట్టే పెట్టేవాళ్ళం. వాడు చేసిన పాపాలు ప్రెసిడెంటు చదివేవాడు, మేమంతా "అవు" అనేవాళ్ళం. వాడి తరఫున మాట్లాడటానికి ఒక్కరు లేచేవారు. చాచా.

ఓడినవాళ్ళు చాయ్ గ్లాసులు అందరికీ పంచాలన్నది మా రివాజు. చాచా ఎప్పుడూ ఓడిపోతాడు కాబట్టి హోటలతనికి సర్వర్ అవసరం లేకుండా పోయింది. ఒక్క చుక్క ఒలకకుండా నాలుగు గ్లాసులు ఒక చేత్తో పట్టి, "తాగుండ్రి, వాన్ని సంపి అలిసిపోయిన్రు" అంటూ తిరిగేవాడు.

"వాని మీద నీకెందుకింత జాలి చాచా?" అని ఒకసారి నేనే అడిగాను. ఆయన గ్లాసులు దించి, "నువ్వు వాన్ని ఒక్కసారి సంపుతవు బేటా. నేను రోజుకు నాలుగు ఆటలల్ల నాలుగు సార్లు సంపాలె. ఎదురుబదురు కూసోని రోజూ సంపుతుంటే మొఖం యాదుండదా?" అన్నాడు. అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు.

నా బ్యానర్ల దగ్గరకు వచ్చి నిలబడటం ఆయనకు మరో అలవాటు. నేను హీరోను ఏనుగంత వేసి, మూలన విలన్ తలకాయకు పచ్చరంగు పూసి, కళ్ళు ఎర్రగా చేసేవాణ్ణి. రంగు ఆరకముందే వచ్చేవాడు. "గీ పచ్చ ఏందిరా? వానికి కామెర్లు గిట్ల అయినయా?" అని ఒకటే పోరు. రంగు మార్చేదాకా జోరీగలా చెవి దగ్గరే ఉండేవాడు. ఒకసారి విసిగిపోయి బ్రష్ ఆయన చేతికే ఇచ్చాను. ఆయన వేలితో ఆ ఎర్ర కళ్ళ మీద కాస్త నలుపు రుద్ది, కంటి కింద నీడలా చేసి వెళ్ళిపోయాడు. వాడు నిద్రలేనివాడిలా కనిపించాడు. నాకు ఒళ్ళు మండింది గానీ చెరపబుద్ధి కాలేదు. ఇవాళ నేను పిల్లలకు మొహాలు వేయడం నేర్పేటప్పుడు కంటి కింది నీడతోనే మొదలుపెడతాను.

చాచాతో మాకున్న అసలు తకరారు వేరు. ఆయన సినిమాలో లేని సంగతులు చెప్పేవాడు. ఒక సినిమాలో విలన్ గోదావరి ఒడ్డున బెస్తవాళ్ళ పడవలన్నీ తగలబెట్టి పగలబడి నవ్వుతాడు. వాడి మీద సభ పెడితే చాచా లేచి, వాడి చిన్నతనంలో వరదొచ్చిన రోజు జబ్బుపడ్డ తల్లిని అవతలికి చేర్చమని పడవ పడవకూ తిరిగాడనీ, ఎవరూ తాడు విప్పలేదనీ, తల్లి ఒడ్డు మీదే పోయిందనీ చెప్పాడు. మేమంతా మూడేసి సార్లు చూసిన సినిమా అది. తల్లి లేదు, వరద లేదు. "గెలువనీకి కతలు జెప్తున్నవ్ చాచా" అని ప్రెసిడెంటు చాయ్ గ్లాసులు ఆయన ముందుకు తోశాడు. ఆయన నాలుగేసి పట్టుకుని పంచాడు.

తర్వాత ప్రెసిడెంటు ఎవరి పెళ్ళికో కరీంనగర్ వెళ్ళి అక్కడ అదే సినిమాకు కూర్చున్నాడు. తిరిగొచ్చి ఇంటికి కూడా పోకుండా చేతిసంచితో నేరుగా హోటల్‌కు వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. ఏమైందని అడిగితే, "ఉన్నది" అన్నాడు. "ఏందన్నా?" అంటే, "తల్లి. వరద గూడ ఉన్నది. మస్తుగున్నది" అన్నాడు.

అందరం ఒక్క పరుగున మషీను గది మెట్లెక్కాం. చాచా ఏమీ తొట్రుపడలేదు. అటక మీది నూనె డబ్బా దించి మూత తీశాడు. అందులో కోసిన ఫిల్ముముక్కలు చుట్టలు చుట్టి ఉన్నాయి. సంగతేమిటంటే, పదకొండు గంటల ఆట ఆలస్యమైతే సెకండ్ షిఫ్టు వాళ్ళు వేళకు బాయికి చేరలేరు. డ్యూటీకి అందనివాడు మర్నాడు సినిమాకు రాడు. అందుకని పొడుగు సినిమా వస్తే మేనేజరు కొంత కోసేయమనేవాడు. కోయడం చాచా పని. డబ్బాలు తిరిగి పంపేటప్పుడు మళ్ళీ అతికించేవాడు. మరి ఏది కోయాలి? పాట కోస్తే కుర్చీలు విరుగుతాయి. ఫైటు కోస్తే ఆపరేటరు ఎముకలు విరుగుతాయి. కామెడీ కోస్తే ఆడవాళ్ళ క్లాసు ఊరుకోదు.

"ఇగ మిగిలింది వాడొక్కడే. వానికి ఫ్యాన్స్ లేరు గద" అన్నాడు చాచా.

అంటే ఏళ్ళ తరబడి మా ఊరు ఊరంతా కారణం లేని విలన్లను చూసింది. వేరే ఊళ్ళవాళ్ళు వాళ్ళను చూసి ఒక్క నిమిషమైనా "అయ్యో" అనుకుని ఉంటారు. మేం షిఫ్టు సైరనుకు భయపడి ఆ అయ్యోను డబ్బాలో పెట్టేశాం. అన్ని బాయిలున్న ఊళ్ళో తప్ప ఈ తమాషా ఎక్కడా జరిగి ఉండదు. మేనేజరును తిట్టాలో సైరనును తిట్టాలో మాకు అర్థం కాలేదు. చాచా మాత్రం, "కత్తెర వట్టింది నేను. చెప్పకపోతే గునా నాకే" అన్నాడు. గునా అంటే పాపం.

ఆ తర్వాత పాత విలన్లందరి కేసులూ తిరగదోడాం. ఎప్పుడో చచ్చిపోయినవాళ్ళను లేపి మళ్ళీ నిలబెట్టాం. ప్రెసిడెంటు ఓడిపోవడం ఇష్టంలేక, కారణం ఉంటే మాత్రం పేదోళ్ళ పడవలు కాలబెడతారా అని గట్టిగా పట్టుకున్నాడు. మంచి మాటే అది. చాచా దానికి చెప్పిన జవాబు ఇప్పటికీ నా చెవిలో ఉంది. "నేను మాఫ్ చెయ్యమన్ననా? తిట్టుండ్రి. పూరా సూసి తిట్టుండ్రి."

ఒకరోజు ఆయన ఒక్కడే దొరికినప్పుడు, చెప్పినవన్నీ కోసిన ముక్కల్లో ఉన్నవేనా అని అడిగాను. వక్కపొడి చెంపకు తోసి, అటూ ఇటూ చూసి, కొన్ని తనవేనని ఒప్పుకున్నాడు. కొందరు విలన్లకు అసలు సినిమా తీసినవాళ్ళే ఏ కారణమూ పెట్టలేదట. "రాసినోడు మర్సిపోయిండు. నేను యాద్ జేసిన" అన్నాడు. ఆ దొంగ నవ్వు కోసమైనా ఆయన్ను క్షమించాలి.

ఇదంతా నవ్వులాట. ఆ మరుసటి ఏడు సమ్మె వచ్చింది.

సమ్మె న్యాయమైనదే. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను. బాయిలు బందయ్యాయి, టాకీసు కూడా బోసిపోయింది. అందరూ గట్టిగా నిలబడి ఉన్న రోజుల్లో మా బావ ఒక పొద్దున లేచి టిఫినుడబ్బా పట్టుకుని బాయికి పోయాడు. మర్నాడూ పోయాడు. సమ్మె ముగిసేదాకా పోతూనే ఉన్నాడు. ఎందుకో అక్కకు చెప్పలేదు. నేను అడిగితే చెప్పులు తొడుక్కుని బయటికి నడిచాడు.

సమ్మె అయిపోయింది. ఎవరూ బావను కొట్టలేదు, తిట్టలేదు. మాటలు బంద్ చేశారు, అంతే. మా లైనులో అక్క నల్లా దగ్గరికి పోతే అక్కడున్న ఆడవాళ్ళు నీళ్ళు సగం పట్టిన బిందెలు ఎత్తుకుని ఇళ్ళలోకి పోయేవాళ్ళు. హోటల్లో బావ కూర్చున్న బల్ల ఖాళీ అయ్యేది. నాతో మాట్లాడేవాళ్ళు, ఇంటి మాట ఎత్తేవాళ్ళు కాదు. బావ కూడా తలవంచుకుని తన పని తను చేసుకుపోతున్నాడు, తప్పు చేసినవాడిలాగానే. మొదట్లో అక్క రోషంగానే ఉంది. ఒకరోజు బియ్యం ఏరుతూ ఏరుతూ చేట పక్కన పెట్టేసింది.

"పైన మాట్లాడకుంటె మాట్లాడకపాయె తమ్మీ, ఫికర్ లేదు. లోపట మాట్లాడకుంటె ఎట్ల? పైకప్పు వడ్తుంటె జరుగుమని ఎవలంటరు?"

బ్లాస్టింగు అయ్యాక ఫిల్లర్లు పోయేది కొత్తగా తెరుచుకున్న కప్పు కిందికి. ఎక్కడో సన్నగా చిటపట వినపడుతుంది, మట్టి రాలుతుంది. ముందు చూసినవాడు కేక వేస్తాడు. ఆ కేక మీదే మిగతావాళ్ళ ప్రాణం. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, కావాలని ఊరుకుంటారనీ కాదు. నెలల తరబడి పలకరించని మనిషి పేరు అంత తొందరగా నోటికి రావద్దూ? ఒక్క క్షణం ఆలస్యమైనా చాలు. అక్క భయం అదే. ఆ రోజు నుంచి నా భయమూ అదే.

ఇద్దరం కలిసి ఒక కథ అల్లాం. క్వార్టర్ ఖాళీ చేయిస్తామని బావను ఎవరో బెదిరించారని, అక్కకు అప్పుడు నెల తప్పి ఉందని, ఆ తర్వాత అది నిలవలేదని, గత్యంతరం లేక పోయాడని. బెదిరింపూ లేదు, కడుపూ లేదు. మా హీరో సినిమాలన్నీ చూసినవాణ్ణి, కథ అల్లడం ఎంతసేపు? అది పట్టుకుని చాచా దగ్గరకు పోయాను. ఆదివారం సభలో ఆయన నోటితో చెబితే జనం కరిగిపోతారని నా ఆశ. ముక్కూ మొహం తెలియని విలన్లకే వకాల్తా పట్టిన మనిషి, మా బావకు పట్టడా?

చాచా మషీను తుడుస్తూ మొత్తం విన్నాడు. "మంచిగున్నది. ఇంటర్వల్ ఏడ వడ్తది?" అని అడిగాడు. నాకు ఏడుపు వచ్చింది. అది చూసి గుడ్డ పక్కన పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి, ఆదివారం బావను తీసుకురమ్మన్నాడు. మాట్లాడతావా అంటే "నువ్వు తీస్కరా" అన్నాడు, అంతకుమించి చెప్పలేదు.

బావను ఆ హోటల్‌కు తీసుకుపోవడం కొండను కదిపినట్టే అయింది. చివరికి అక్క చొక్కా తెచ్చి చేతిలో పెడితే తొడుక్కున్నాడు. మేం పోయేసరికి సభ నడుస్తోంది. బావ గడప లోపల నిలబడ్డాడు. ఇద్దరు ముగ్గురు లేచి పోబోయారు.

"కూసోండ్రి. ఇయ్యాల పంచాయితి ఈయనది" అన్నాడు చాచా.

ప్రెసిడెంటు మొహం ఎర్రబడింది. "గిది సినిమా కాదు చాచా" అన్నాడు.

"నేను గూడ గదే అంటున్న. సినిమా అయితె కోసిన ముక్క నా డబ్బల ఉంటుండె, తెచ్చి సూపెడుతుంటి. ఈయనది నా తాన లేదు. ఆయన తాననే ఉన్నది. ఇన్ని దినాలల్ల ఒక్కలన్న అడిగిన్రా?"

నిజంగానే ఎవరూ అడగలేదు. బావ గురించి ఊరంతా రకరకాలుగా చెప్పుకుంది. పై వాళ్ళకు అమ్ముడుపోయాడన్నారు, భార్య మాట విన్నాడన్నారు, మొదటినుంచీ అంతే అన్నారు. ఆయన్ను కూర్చోబెట్టి ఎందుకు పోయావని ఒక్కరూ అడగలేదు. నేను చాచా వైపు చూశాను, ఇక మొదలుపెడతాడని. ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆ రోజు ఆయన నోరు మళ్ళీ తెరవలేదు. నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది.

ప్రెసిడెంటు బల్ల మీది చాయ్ మరకను తువ్వాలుతో తుడిచాడు. తర్వాత తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎందుకు వోయినవ్ అన్నా?"

బావ అన్ని మాటలు ఒకసారే మాట్లాడటం నేను అదే మొదలు వినడం, చివర కూడా అదే.

"ఎవలు బెదిరియ్యలే. ఎవలు జెప్పలే. మా నాయిన పని లేక ఇంట్ల కూసున్న దినాలు నేను సూసిన. గోడకు ఆనుకోని కూసుంటుండె, మాట్లాడకపోతుండె. గట్లనే పానం ఇడిసిండు. సమ్మెల నేను గూడ గట్లనే గోడకు కూసున్న. భయమైంది. లేసి బాయికి వోయిన. మీ అందరిని ఇడిసి వోయిన. తప్పే."

నా కథలో ఉన్నంత గొప్ప కారణం అందులో లేదు. జనాన్ని కరిగించే ముక్క ఒక్కటీ లేదు. ఒకరిద్దరు అయిష్టంగా తలలు తిప్పుకున్నారు కూడా. అంతా చెడిపోయిందనుకున్నాను. ప్రెసిడెంటు మాత్రం బావ మొహం వైపు చూశాడు. సమ్మె అయ్యాక ఆయన అలా చూడటం అదే మొదటిసారి.

"భయం మాకు గాలేదా అన్నా?" అన్నాడు.

"అయ్యుంటది" అన్నాడు బావ.

"తప్పే చేసినవ్."

"అవు."

ప్రెసిడెంటు తువ్వాలు దులుపుకుని లేచాడు. పోతూ పోతూ గడప దగ్గర ఆగి, "రేపు ఫస్ట్ షిఫ్టేనా?" అని అడిగాడు. బావ తల ఊపాడు.

అంతే జరిగింది. ఎవరూ కౌగిలించుకోలేదు. క్వార్టర్‌కు వచ్చి ప్రెసిడెంటు షిఫ్టు సంగతి అడిగాడని అక్కకు చెబితే, అక్క ఉన్నచోటే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మర్నాడు బావ డ్యూటీ దిగి వచ్చేదాకా గడపలోనే కూర్చుంది. ఆయన చెప్పులు విప్పకముందే, లోపల ఎవరైనా మాట్లాడారా అని అడిగింది. "ప్రెసిడెంటు కప్పు కిందికున్న కాడ తల జాగ్రత్తన్నడు" అన్నాడు బావ. ఎవరితోనైనా అనే మాటే అది. మిగతావాళ్ళు మెల్లగా కలిశారు. కొందరు కలవలేదు. మా ఇంటికి రెండిళ్ళ అవతలి మనిషి రిటైరయ్యేదాకా బావతో మాట్లాడలేదు. ఆయన్ను నేను తప్పుపట్టను.

నేను చాచా మీద కోపంతో కొన్నాళ్ళు టాకీసు వైపు పోలేదు. నా కథ చెప్పి ఉంటే ఆ రెండిళ్ళ అవతలి మనిషి కూడా కరిగేవాడు కదా అని నా బాధ. చివరికి ఆయనే ఎదురుపడి, కోపం దిగిందా అని అడిగాడు. ఆ మాటే అడిగేశాను. ఎన్నో కారణాలు సొంతంగా పుట్టించినవాడివి, మా బావకొక్కటి చెప్పలేకపోయావా అని.

"తెర మీది బొమ్మకైతే అల్లచ్చు బేటా. వాడు దిగి రాడు, వానికి నోరు లేదు. బతికున్న మనిషికి అల్లద్దు. నేను కత జెప్పి మాఫ్ ఇప్పిస్తే, మాఫ్ అయ్యేది ఆ కతల ఉన్న మనిషికి. మీ బావ ఆడనే ఉంటుండె, గోడకు ఆనుకోని."

ఆయన బడికి పోయింది తక్కువ. ఆ మాట మాత్రం ఎవరూ నేర్పకుండా ఎక్కడ పట్టాడో తెలియదు. నేను చాలా మందికి చెప్పాను. ఎక్కువమంది తల ఊపి మర్చిపోయారు. నేనూ అప్పుడప్పుడు మర్చిపోతాను, అక్క గుర్తుచేస్తుంది.

తొంభైల్లో ఇంటింటికీ టీవీ వచ్చాక మా సంఘం పల్చబడింది. ప్రెసిడెంటు జుట్టు కూడా పల్చబడింది. నాకు బెల్లంపల్లిలో డ్రాయింగు మాస్టరు కొలువు దొరికింది. చాచా టాకీసు మానేసి ఇంట్లో కూర్చున్నాడు. ఇంట్లో టీవీ చూసేటప్పుడు కూడా ఆయన కళ్ళు తెర పై మూలకే పోయేవి. రీలు మార్చాల్సిన వేళకు సినిమాలో ఆ మూలన ఒక చుక్క మెరుస్తుంది. ఆ చుక్క కోసం జీవితమంతా చూసిన కళ్ళు అవి. కాసేపు కాగానే ఉలిక్కిపడి లేవబోయేవాడు. ఇంట్లో కూడా మషీనే నడుపుతున్నాడని ఆయన భార్య చాచీ దక్కనీలో దులిపేసేది, ఆయన సిగ్గుపడి కూర్చునేవాడు.

సభ మాత్రం పోలేదు. మా అక్క ఇంటికి మారింది. లైనులో ఆడవాళ్ళంతా ఒక సీరియలు చూసేవాళ్ళు. అందులో ఒక అత్త కోడలిని రాచి రంపాన పెడుతుంటే అందరూ మెటికలు విరిచేవాళ్ళు. నేను సెలవులకు పోయినప్పుడు చూశాను. చాచా తలుపు దగ్గర పీట మీద కూర్చుని ఆ అత్త తరఫున వాదిస్తున్నాడు. చాచీ ఆయన మీద విరుచుకుపడుతోంది. ఆయనకు వత్తాసు ఒక్కరే, మా అక్క. "ఆమెను గూడ ఎవలన్న అడిగితె గద తెలిసేది" అంటోంది. సీరియల్లో ఆ అత్తను ఎవరూ అడగలేదనుకుంటాను. అది ఎప్పటికీ అయిపోలేదు.

ఆయనకు జబ్బేమీ లేదు. నిండుగా బతికి, తెల్లవారుజాము ఫజర్ నమాజు చేసుకుని, కూర్చున్నచోటే ఒరిగిపోయాడట. బావతో కలిసి నేను పోయేసరికి ఇంటి ముందు జనం నిండారు. పాత సంఘం వాళ్ళలో చాలామంది కనిపించారు. నెరిసిన తలలతో గోడ వెంట నిలబడి ఉన్నారు. ప్రెసిడెంటు మంచినీళ్ళ కుండల దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకు నీళ్ళు అందిస్తున్నాడు. అక్క లోపల చాచీ పక్కన కూర్చుంది. నాకు ఆయన మొహం చూపించారు. బాగా నిద్రపోయిన మనిషిలా ఉన్నాడు.

పోయినవాళ్ళ కోసం చేసే జనాజా నమాజుకు ముందు ఆయన కొడుకు ముందుకొచ్చాడు. బసంత్‌నగర్‌లో లారీల మెకానిక్కు, తండ్రిలాగే పొట్టి. వాళ్ళ ఆచారం ప్రకారం, మా అబ్బా ఎవరినైనా నొప్పించి ఉంటే, ఎవరినైనా ఒక మాట అని ఉంటే మాఫ్ చేయండని ఉర్దూలో ఒకసారి, మాకోసం తెలుగులో ఒకసారి అడిగాడు. అలాంటప్పుడు ఎవరూ జవాబు చెప్పరు. మనసులోనే అనుకుని తలలు వంచుతారు. అందరం వంచాం.

నా పక్కనుంచి మా బావ గొంతు వినిపించింది.

"నన్నేమనలే బిడ్డా. అందరు అన్నరు. మీ నాయిన అడిగిపిచ్చిండు."

ఆ కొడుక్కి ఏం అర్థమైందో తెలియదు, రెండు చేతులూ ఛాతీ మీద పెట్టుకుని తల వంచాడు. నేను ఏడవకూడదనుకున్నాను. కుదరలేదు.

నమాజు అయ్యాక బావా ప్రెసిడెంటూ కూడా భుజం పట్టారు. ఖబరస్తాన్‌లో మట్టి వేశాక జనం ఒక్కొక్కరే కదిలారు. పొద్దు వాలింది. బావ మాత్రం చేతులకంటిన మట్టి దులుపుకోకుండా అక్కడే నిలబడ్డాడు. నేను గేటు దగ్గర ఆగాను. నాకంటే ముందు గేటు దాటిన ప్రెసిడెంటు వెనక్కి తిరిగి, "అన్నా, వస్తున్నవా?" అని కేక వేశాడు. బావ కదలలేదు. బాయిలో అన్నేళ్ళ బ్లాస్టింగులకు ఆయన ఎడమ చెవి పోయింది, మా వైపున్నది ఆ చెవే. ప్రెసిడెంటు ఇంకోసారి పిలిచాడు. తర్వాత నా చేతికి తన తువ్వాలు ఇచ్చి, మోకాళ్ళ నొప్పులతో కుంటుకుంటూ, సమాధుల మధ్య నుంచి వెనక్కి నడిచాడు. బావను చుట్టి అవతలి పక్కకు పోయి, కుడి చెవి దగ్గరికి వంగి ఏదో అడిగాడు. బావ జవాబు చెబుతున్నాడు. ప్రెసిడెంటు తొందరపెట్టకుండా, అలాగే వంగి వింటున్నాడు.